ఎర్ర లైటు డబ్బా: నిద్ర లేని రాత్రుల లెక్క

జూన్ 8, ఆదివారం

ఈ ప్రాజెక్టు పొద్దున ఇడ్లీల దగ్గర పుట్టింది. మా బామ్మర్ది రాత్రిళ్లు ఎయిర్‌పోర్టు ట్రిప్పులు కొడతాడు. ఆరున్నరకి కారు కింద పెట్టి పైకొచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. వాళ్లక్క పెట్టిన ఇడ్లీలు తింటూ, "రోజుకి నాలుగైదు గంటలు పడుకుంటే చాలు బావా, నాకు అలవాటైపోయింది" అన్నాడు. అలవాటయ్యే వ్యవహారం కాదది అన్నాను. "మరి నువ్వూ నైట్ షిఫ్టేగా, బాగానే ఉన్నావుగా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

బాగానే ఉన్నానా అంటే, ఒక సంగతి ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా డ్యూటీ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా, అమెరికాలో ఒక క్లయింటు సర్వర్లకి కాపలా. తెర మీద గ్రాఫులు కదులుతుంటాయి. ఏదైనా ఎర్రబడితే టికెట్ తెరిచి సంబంధించిన వాళ్లని లేపాలి. చాలా రాత్రులు ఏమీ జరగదు. పోయిన నెల ఒక రోజు తెల్లవారుజామున నాలుగింటప్పుడు ఒక అలర్టు పదకొండు నిమిషాలు ఎర్రగా వెలుగుతూనే ఉంది. నేను దాని ఎదురుగానే కూర్చున్నాను. పడుకోలేదు, ఒట్టేసి చెప్పగలను. కళ్లు తెరిచే ఉన్నాయి. కానీ చూడలేదు. సంజాయిషీలో ఏం రాశానన్నది ఇక్కడ అనవసరం.

కాబట్టి వాదనలు ఆపి కొలుద్దామనుకున్నాను. నిద్ర మీద పరిశోధన చేసేవాళ్లు వాడే ఒక పరీక్ష ఉంది, సైకోమోటార్ విజిలెన్స్ టెస్ట్, పొట్టిగా పీవీటీ. 1985లో డేవిడ్ డింజెస్, జాన్ పావెల్ అనే ఇద్దరు తయారుచేశారు. అంత సాదా పరీక్ష ఇంకొకటి ఉండదేమో. లైటు వెలగగానే బటన్ నొక్కాలి, అంతే. రెండు సెకన్ల నుంచి పది సెకన్ల లోపు ఎప్పుడు వెలుగుతుందో తెలియదు. పది నిమిషాలు అలా కూర్చోవాలి. తెలివితేటలతో పనిలేదు, చదువుతో పనిలేదు. నేర్చుకోవడానికి కూడా పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి పదోసారి చేసినవాడికి మొదటిసారి చేసినవాడి మీద చెప్పుకోదగ్గ లాభం ఉండదు. అందుకే ఒకే మనిషిని రోజుల తరబడి పరీక్షించడానికి అది పనికొస్తుంది.

ఫోన్‌లో యాప్ ఎందుకు వాడకూడదు? వాడొచ్చు. కానీ నొక్కిన వేలు సంగతి టచ్ స్క్రీన్ ప్రాసెసర్‌కి చేరేసరికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పోతాయి, ఆ పోయేది ఫోన్ ఫోన్‌కీ మారుతుంది. పైగా, నిజం చెప్పాలంటే, డబ్బా తయారు చేయాలని నాకు ఉబలాటంగా ఉంది.

జూన్ 10, మంగళవారం

కోఠి, గుజరాతీ గల్లీ. డ్యూటీ దిగి నిద్రపోకుండా నేరుగా వెళ్లాను (నిద్ర మీద ప్రాజెక్టు చేసేవాడి క్రమశిక్షణ ఇదీ). కొన్నవి: ఆర్డ్యునో నానో క్లోన్లు (మనం రాసిన కోడ్‌ని నడిపే బుల్లి సర్క్యూట్ బోర్డులు) రెండు, 16 అక్షరాలు రెండు వరసల ఎల్‌సీడీ, ఎర్ర ఎల్‌ఈడీలు, 220 ఓమ్ రెసిస్టర్లు, జంపర్ వైర్లు. డబ్బా కోసం ఇంటి దగ్గర ఎలక్ట్రికల్ షాపులో స్విచ్ బోర్డుకి వాడే తెల్ల ప్లాస్టిక్ పెట్టె. బటన్‌గా డోర్‌బెల్ స్విచ్ తీసుకున్నాను, చేతికి నిండుగా ఉందని. మెట్రోలో నిలబడే నిద్రపోయి రెండు స్టేషన్లు దాటిపోయాను.

జూన్ 14, శనివారం

మొదటి కోడ్ రాయడానికి అరగంట, అది సరిగ్గా పనిచేయడానికి రెండు రోజులు.

మొదటి తప్పు నవ్వొచ్చేది. లైటు వెలిగింది, నొక్కాను, తెర మీద "-2" వచ్చింది. మళ్లీ నొక్కితే "-12". ఆ తర్వాత "17". లైటు వెలగకముందే నొక్కేంత జ్ఞానిని అయిపోయానా అనుకున్నాను. అసలు సంగతేమిటంటే, కాలాన్ని మైక్రోసెకన్లలో (సెకనులో పది లక్షలో వంతు) తీసుకుని ఇంట్ అనే మామూలు అంకెల గడిలో దాచాను. ఈ బోర్డులో ఇంట్ అంటే 16 బిట్లే, 32,767 దాటితే తలకిందులైపోతుంది. మనిషి స్పందన రెండున్నర లక్షల మైక్రోసెకన్లు. చెంబులో బిందె నీళ్లు పోశానన్నమాట. అంతకంటే పెద్ద గడి, అన్‌సైన్డ్ లాంగ్, పెట్టగానే 260, 250, 280 అని మనుషుల అంకెలు వచ్చాయి.

రెండోది నేను పట్టుకోలేదు, నా వేలు పట్టుకుంది. నాలుగోసారి పరీక్ష చేస్తుంటే లైటు వచ్చే ముందే బొటనవేలు బిగుసుకుంటోంది. చూస్తే ప్రతిసారీ వెలిగే వరస ఒకటే. తోచిన అంకెలు ఇచ్చే ర్యాండమ్ ఫంక్షన్‌కి విత్తనం, అంటే లెక్క మొదలుపెట్టే అంకె, ఇవ్వడం మర్చిపోయాను, పవర్ ఇచ్చినప్పుడల్లా అదే పాట మొదటి నుంచి పాడుతోంది. ఖాళీగా వదిలిన అనలాగ్ పిన్ మీద గాలికి ఊగే వోల్టేజీని చదివి విత్తనంగా ఇచ్చాను.

మూడోది కాస్త లోతుగా ఉంది. లైటు వెలిగాక ఎల్‌సీడీ మీద అంకెలు పరుగెడుతూ కనిపిస్తే బాగుంటుందని పెట్టాను. తెరకి అంకె పంపించే ఆ కాసేపూ బోర్డు బటన్ వైపు చూడదు. దాంతో రీడింగులు మెట్లు మెట్లుగా వస్తున్నాయి, ఒక్కోసారి పది మిల్లీసెకన్ల తేడా. బటన్‌ని డీ2 పిన్‌కి మార్చి ఇంటరప్ట్ పెట్టాను. ఇప్పుడు బోర్డు ఏ పనిలో ఉన్నా నొక్కిన క్షణాన్ని అప్పటికప్పుడే రాసుకుంటుంది, తెర తర్వాత మారుతుంది.

డోర్‌బెల్ స్విచ్ పనికిరాలేదు. స్ప్రింగు మరీ గట్టి. పది నిమిషాలు నొక్కితే బొటనవేలు లాగేస్తోంది. అటకమీద చచ్చిపోయిన మౌస్ ఒకటి ఉంటే విప్పి, ఎడమ క్లిక్కు కింద ఉండే బుల్లి మైక్రోస్విచ్ పీకి టంకం వేశాను. వెన్నలా ఉంది.

రీడింగులు బోర్డులోని ఈప్రామ్‌లోనే (కరెంటు పోయినా చెరిగిపోని చిన్న మెమరీ) దాస్తున్నాను. 1,024 బైట్లు ఉంటాయి. ఒక పరీక్షలో సుమారు 95 సార్లు లైటు వెలుగుతుంది, ఒక్కోదానికి రెండు బైట్లు. అంటే ఐదు పరీక్షలు నిండగానే ల్యాప్‌టాప్‌లోకి దించుకోవాలి.

జూన్ 17, మంగళవారం

డబ్బా నిజం చెబుతోందా? ఈ ప్రశ్న ముందే తేల్చుకోవడం మంచిదైంది. ఎంత మంచిదైందో జూలైలో తెలిసింది.

రెండో నానోని "దొంగ వేలు"గా మార్చాను. అది డబ్బాలోని ఎల్‌ఈడీ పిన్‌ని కనిపెట్టుకుని ఉంటుంది. లైటుకి కరెంటు రాగానే సరిగ్గా 250 మిల్లీసెకన్లు లెక్కపెట్టి బటన్ వైరుని గ్రౌండ్‌కి లాగుతుంది. మనిషి లేకుండా మనిషి నొక్కినట్టే. వందసార్లు నడిపాను. 250, 250, 251, 250, 251. అంతకు మించి తేడా లేదు. ఈ చవక బోర్డుల గడియారం చేతి వాచీ అంత కచ్చితం కాదు, ఒక మిల్లీసెకను అటూఇటూ అయితే ఇబ్బంది లేదు.

జూన్ 22, ఆదివారం

వారం సెలవు పెట్టాను. రోజూ రాత్రి పదకొండుకి పడుకుని ఏడింటికి లేచాను. మా ఆవిడ నన్ను పగటిపూట మెలకువగా చూసి కాస్త కంగారుపడింది.

నిండా నిద్రపోయిన నేను: మధ్యస్థ స్పందన (సగం రీడింగులు దీనికంటే తక్కువ, సగం ఎక్కువ) 262 మిల్లీసెకన్లు. నాలుగు పరీక్షల్లో "జారుళ్లు" 1, 0, 2, 1. జారుడు నేను పెట్టుకున్న పేరు, పరిశోధకులు లాప్స్ అంటారు. లైటు వెలిగిన అర సెకనులో, అంటే 500 మిల్లీసెకన్లలోపు నొక్కకపోతే ఒక జారుడు. లైటు వెలగకుండానే నొక్కితే తొందరపాటు, అది వేరే లెక్క.

పరీక్షకి ముందు నిద్రమత్తు ఎంతుందో మనంతట మనమే ఒక అంకె ఇచ్చుకోవాలి. స్వీడన్‌లో పుట్టిన కరోలిన్‌స్కా స్కేలు: 1 అంటే పూర్తి చురుకు, 5 అంటే అటూ ఇటూ కాదు, 9 అంటే కళ్లు తెరిచి ఉంచడానికే యుద్ధం. ఇది డబ్బా చెప్పేది కాదు, నేను చెప్పుకునేది. రెండూ పక్కపక్కన రాస్తాను.

పది నిమిషాలు చాలా విసుగు. మా ఆవిడ ఒకసారి చేసి, "ఇంతకంటే పప్పులో రాళ్లు ఏరుకోవడం నయం" అంది. విసుగే దీని బలం. రెండు నిమిషాల పరీక్షైతే నిద్ర లేనివాడు కూడా పళ్లబిగువున లాగించేస్తాడు. ఆరో నిమిషం దాటాక ఆ బిగువు సడలుతుంది. నిజానికి నిద్ర చాలినవాడు కూడా జారతాడు. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ తెరల ముందు కూర్చునేవాళ్లు జలాంతర్గాముల గుర్తులు ఎందుకు వదిలేస్తున్నారని నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక గడియారం చేయించాడు. ముల్లు సెకనుకో గెంతు వేస్తుంది, ఎప్పుడో ఒకసారి రెండు గెంతులు ఒకేసారి వేస్తుంది, అది పట్టుకోవాలి. మొదటి అరగంటలోనే జనం తప్పిపోవడం మొదలైంది. 1948లో అచ్చయిన పని అది. చదువుతుంటే నా ఉద్యోగ వివరణ పత్రం చదువుతున్నట్టే ఉంది.

జూలై 1, మంగళవారం

నిన్న షిఫ్టు మొదటి రాత్రి. సోమవారం ఉదయం 8కి లేచాను, పగలు పడుకోలేదు.

ముందు ఒక అడ్డంకి. ఆఫీసు గేటు దగ్గర బ్యాగ్ స్కానర్‌లో నా డబ్బా కనబడింది. తెల్ల పెట్టె, లోపల వైర్లు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, పైన ఎర్ర లైటు. సెక్యూరిటీ అన్న మొహం చూడాల్సింది. విప్పి చూపించాను, ఆయన చేత పది సార్లు నొక్కించాను. అయినా లోపలికి మాత్రం వద్దన్నాడు. చివరికి రాజీ కుదిరింది: డబ్బా ఆయన క్యాబిన్‌లోనే ఉంటుంది, బ్రేక్‌లో నేనే వచ్చి అక్కడి స్టూలు మీద కూర్చుని నొక్కుకోవాలి. ఫ్యాను చప్పుడు తప్ప నిశ్శబ్దమే.

రాత్రి 8, ఇంట్లో: మధ్యస్థం 268, జారుడు 1. నాకు నేనిచ్చుకున్న మార్కు 3.

ఒంటిగంటకి, అంటే లేచి 17 గంటలు: మధ్యస్థం 284, జారుళ్లు 4. మార్కు 5.

తెల్లవారుజామున నాలుగున్నర, ఇరవైన్నర గంటలు: మధ్యస్థం 318, జారుళ్లు 13, తొందరపాట్లు 5. మార్కు 6. అన్నిటికంటే పొడుగు రీడింగు 2,914.

ఆ 2,914 దగ్గర ఆగాలి. దాదాపు మూడు సెకన్లు. తెర మీద ఆ అంకె చూసి నేను నమ్మలేదు. లైటు వెలిగింది, నొక్కాను, నాకు తెలిసి అంతే జరిగింది. మధ్యలో ఖాళీ ఏమీ లేదు. కునుకు పట్టి తల వాలితే తెలుస్తుంది కదా, ఉలిక్కిపడి లేస్తాం కదా. అలాంటిదేమీ లేదు. స్విచ్ పట్టేసింది అనుకున్నాను. మౌస్ స్విచ్చే కదా, పాతది. కచ్చితంగా అదే అనుకుని సెక్యూరిటీ అన్నని స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చుకుని డబ్బా విప్పాను. టంకం బాగుంది. వైరు బిగుతుగా ఉంది. బ్యాగ్‌లోంచి దొంగ వేలు తీసి తగిలించి ఇరవైసార్లు నడిపాను.

250, 251, 250, 250, 251.

స్క్రూలు మళ్లీ బిగించడానికి చాలాసేపు పట్టింది.

ఉదయం 8కి ఇంట్లో, సరిగ్గా ఇరవైనాలుగు గంటల మెలకువ తర్వాత మరోసారి: జారుళ్లు 9. అంటే నాలుగున్నర కంటే మెరుగు. మొదట వింతనిపించింది, తర్వాత లెక్క కుదిరింది. 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే నిద్ర పరిశోధకుడు చెప్పిన రెండు శక్తుల లెక్క ఇది. మెలకువగా ఉన్న ప్రతి గంటా నిద్ర ఒత్తిడి పెరుగుతూ పోతుంది. దానికి సంబంధం లేకుండా ఒంట్లోని గడియారం తన పాటికి తాను పగలు లేపుతూ, రాత్రి పడుకోబెడుతూ తిరుగుతుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య రెండూ ఒకవైపే లాగుతాయి. ఎనిమిదింటికి గడియారం లేపే వైపు తిరిగింది కాబట్టి తేరుకున్నట్టు అనిపించింది. ఒత్తిడి మాత్రం ఎక్కడికీ పోలేదు. "తెల్లారితే ఫ్రెష్ అయిపోతా" అని మా బామ్మర్ది అనేది ఈ ఊపుని చూసే.

జూలై 2, బుధవారం

నిన్నటి రీడింగులన్నీ గ్రాఫు గీశాను. నేను ఊహించింది, నిద్ర లేకపోతే మనిషి మొత్తంగా నెమ్మదిస్తాడని. గ్రాఫు అలా లేదు. నాలుగున్నర పరీక్షలో కూడా సగానికి సగం రీడింగులు బాగానే ఉన్నాయి, 270, 255, 290. వాటి మధ్యలో ఉన్నట్టుండి 900. మళ్లీ 265. మళ్లీ 1,340. వెంటనే లైటు లేకుండానే రెండు తొందరపాట్లు, తప్పు చేశానని తెలిసి మెదడు తనని తాను చెంపమీద కొట్టుకున్నట్టు. కరెంటు లో వోల్టేజీ అయినట్టు కాదిది, ట్యూబ్‌లైటు కొట్టుకుంటున్నట్టు. వెలిగినప్పుడు పూర్తిగా వెలుగుతుంది, ఆరినప్పుడు పూర్తిగా ఆరుతుంది. సగటు చెబితే ఈ సంగతి కనబడదు. అందుకే పరిశోధకులు సగటు కంటే జారుళ్ల లెక్కనే ఎక్కువ నమ్ముతారు.

లోపల ఏం జరుగుతుందో కొంత తెలుసు. 2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో, మూర్ఛ చికిత్స కోసం మెదడులో అప్పటికే ఎలక్ట్రోడ్లు అమర్చి ఉన్న రోగులని రాత్రంతా మేలుకొలిపి బొమ్మలు గుర్తుపట్టమన్నారు. స్పందన ఆలస్యమైనప్పుడల్లా మెదడు కణాల (న్యూరాన్ల) స్పందనే ఆలస్యంగా, నీరసంగా ఉంది, ఆ చోట నిద్రలో వచ్చేలాంటి నెమ్మది అలలు కూడా కనిపించాయి. మనిషి మేలుకునే ఉంటాడు, మెదడులో ఒక మూల మాత్రం పడుకుంటుంది. ఎవరు పడుకున్నారో ఇంటి యజమానికి తెలియదు.

ఇంకో లెక్క కూడా ఇక్కడే రాసుకోవాలి. 1997లో ఆస్ట్రేలియాలో డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ అనే పరిశోధకులు ఒకే మనుషుల్ని ఒకసారి మేలుకొలిపి, ఒకసారి మందు తాగించి పోల్చారు. 17 గంటల మెలకువ, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్‌కి సమానంగా తేలింది. మన మోటారు వాహనాల చట్టం డ్రైవరుకి ఇచ్చే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. శనివారం రాత్రి చెక్‌పోస్టులో ఊదించే గొట్టంలో ఇరవై గంటలు మేలుకున్నవాడు ఊదితే సున్నా వస్తుంది. పోలీసులే "జాగ్రత్తగా వెళ్లండి" అని పంపిస్తారు.

జూలై 6, ఆదివారం

బామ్మర్ది వంతు. రాత్రి నాలుగు ట్రిప్పులు కొట్టి ఉదయం ఆరుంపావుకి వచ్చాడు. ఇడ్లీకి ముందే కూర్చోబెట్టాను. మార్కు ఎంతిస్తావురా అంటే, "మూడేస్కో, చురుగ్గానే ఉన్నా" అన్నాడు.

మొదటి మూడు నిమిషాలు నన్ను మించిపోయాడు. 240, 235, 248. డ్రైవింగు చేతులు కదా. నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేస్తున్నాడు కూడా. ఐదో నిమిషం నుంచి డబ్బా ముందు మనిషి ఉన్నాడు, నొక్కేవాడు వస్తూ పోతూ ఉన్నాడు. మొత్తం జారుళ్లు 16. పొడుగైనది 3,412.

"నీ డబ్బాలో లైటు వెలగలేదు బావా."

వెలిగిందిరా అన్నాను.

"వెలిగితే నొక్కనా? కళ్లు పెట్టుకునే చూస్తున్నా. లూజ్ కనెక్షన్ చూస్కో."

మొన్న నేను అన్న మాటే, అక్షరం మారలేదు. దొంగ వేలు తగిలించి 250లు చూపించాను. "ఆ వైర్లూ నువ్వు పెట్టినవే కదా" అన్నాడు. న్యాయమైన మాటే. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది, 3,412 అంటే 75 మీటర్లు అని చెప్పబోయి ఆగాను. వాళ్లక్క వంటింట్లోంచి వింటోంది.

జూలై 19, శనివారం

రెండు వారాలు ఒకే ప్రయోగం. రోజూ షిఫ్టుకి ముందు, సాయంత్రం ఎనిమిదింటికి ఒక పరీక్ష. పగటి నిద్ర ఎంత దొరికితే అంత. ఐదున్నర గంటలకి మించి దొరకలేదు. ఆషాఢం, బోనాలు. సందు చివర డప్పులు, మైకులో పాటలు, వాటి మధ్యలో ఉల్లిగడ్డల ఆటో, పక్కింటి కుక్కరు. ఎవరినీ ఏమీ అనలేం, ఊరంతా మేలుకునే వేళ పడుకునేది నేను.

మొదటి వారం జారుళ్లు: 1, 2, 4, 3, 6. మార్కులు: 3, 4, 5, 5, 5.

శని, ఆదివారాలు రెండు రాత్రులూ తొమ్మిదేసి గంటలు పడుకున్నాను. బాకీ తీరిపోయిందనుకున్నాను.

రెండో వారం జారుళ్లు: 3, 4, 6, 7, 9. మార్కులు: 3, 5, 5, 4, 5.

జారుళ్లు మెట్లెక్కుతున్నాయి, మార్కులు 5 దగ్గర చతికిలపడ్డాయి. మొన్న గురువారం ఏడుసార్లు జారినవాడిని నాకు నేనే 4 ఇచ్చుకున్నాను, ముందు రోజు కంటే బాగున్నానని. ఇక సోమవారం 3 మార్కుతో, "పూర్తిగా కోలుకున్నా" అని ఫోన్‌లో రాసుకున్నాను కూడా. డబ్బా మాత్రం మొదటి సోమవారం ఉన్న 1కి తిరిగి రాలేదు.

నేనొక్కణ్ణే, డబ్బా నేను చేసిందే, కాబట్టి నా అంకెలకి పెద్ద విలువ లేదు. కానీ 2003లో హాన్స్ వాన్ డాంగెన్, డింజెస్ బృందం 48 మంది ఆరోగ్యవంతులతో చేసిన ప్రయోగం ఒకటి ఉంది. కొందరికి రాత్రికి 4 గంటలు, కొందరికి 6, కొందరికి 8, వరసగా 14 రోజులు. నాలుగు, ఆరు గంటలవాళ్ల జారుళ్లు చివరి రోజు దాకా పెరుగుతూనే పోయాయి, ఒకటి రెండు రాత్రులు అసలు పడుకోనివాళ్ల స్థాయికి చేరాయి. నిద్రమత్తు ఎంతని అడిగితే మాత్రం మొదటి కొన్ని రోజుల తర్వాత వాళ్ల జవాబు పెద్దగా పెరగలేదు. అలవాటవుతుంది, మా బామ్మర్ది అన్నది నిజమే. అలవాటయ్యేది నిద్రమత్తు గోల మాత్రమే. అదే ఏడాది గ్రెగరీ బెలెన్కీ బృందం చేసిన ఇంకో ప్రయోగంలో, వారం రోజులు నిద్ర కోసినవాళ్లకి ఆ తర్వాత మూడు రాత్రులు ఎనిమిదేసి గంటలు ఇచ్చినా పాత స్థాయికి రాలేదు. నా రెండో సోమవారం ఆ లెక్కలోదే అనుకుంటున్నాను.

జూలై 25, శుక్రవారం

ఈ వారం చిల్లర ప్రయోగాలు, ఒక్కోటి ఒక్కసారే, వీటితో ఏదీ రుజువు కాదు.

కాఫీ: నాలుగింటికి మెషీన్ కాఫీ పెద్ద కప్పు. కాఫీకి ముందు జారుళ్లు 11, నలభై నిమిషాల తర్వాత 4. అద్భుతం అనుకుంటూ ఇంటికొచ్చి పడుకుంటే మూడు గంటల నలభై నిమిషాలకే మెలకువ. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో పేరుకుని నిద్రమత్తు తెచ్చే పదార్థం అడినోసిన్, అది కూర్చోవాల్సిన చోట కెఫీన్ కూర్చుంటుంది, అంతే తప్ప అడినోసిన్‌ని తుడిచెయ్యదు. తాగినదాంట్లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రేపటి నుంచి తెచ్చిన చేబదులు అన్నమాట, వడ్డీతో.

కునుకు: రెండున్నరకి సెక్యూరిటీ క్యాబిన్‌లో ప్లాస్టిక్ కుర్చీ, పాతిక నిమిషాలు, ఫోన్ అలారం. నిద్ర సుఖమెరగదంటారు, కుర్చీ చేతి అచ్చు చెంప మీద పడింది. లేచిన వెంటనే చేసిన పరీక్ష ఘోరం, మొదటి ఐదు నిమిషాల్లోనే 8 జారుళ్లు. ఎక్కడున్నానో తెలియని మబ్బు. అరగంట తర్వాత మళ్లీ చేస్తే మొత్తం 3. అంతకు ముందు వారం అదే వేళకి 10. దూరప్రయాణాల పైలట్ల మీద నాసా చేసిన అధ్యయనంలో కాక్‌పిట్ కునుకు సగటున 26 నిమిషాలు. పాతిక ఎక్కడి నుంచి తెచ్చానంటే అక్కడి నుంచే. లేచీ లేవగానే స్టీరింగు పట్టకూడదని మా బామ్మర్దికి చెప్పాలి, వాడు వింటే.

సెక్యూరిటీ అన్న ఇప్పుడు రోజూ తనే ఒకసారి నొక్కుతున్నాడు. ఆయన స్కోరు రాయనివ్వడు.

జూలై 27, ఆదివారం

"లైటు వెలగలేదు" కేసు తేల్చడానికి కొత్త ఏర్పాటు. ఫోన్‌ని స్టాండులో పెట్టి, ఒకే ఫ్రేములో ఎల్‌ఈడీ, నొక్కేవాడి మొహం రెండూ పడేలా అమర్చాను. సెకనుకి 60 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేము 17 మిల్లీసెకన్లు. వీడియోతో డబ్బా లెక్కని సరిచూడొచ్చు.

బామ్మర్ది ఆరున్నరకి వచ్చాడు. రాత్రి ఐదు ట్రిప్పులు. మార్కు 4 ఇచ్చుకున్నాడు, "నిన్న కాస్త తక్కువ పడుకున్నా" అని. పది నిమిషాలు అయ్యాయి. జారుళ్లు 14, పొడుగైనది 3,130. నేను ఏమీ అనకముందే వాడే అన్నాడు, "చూశావా, మళ్లీ వెలగలేదు."

ఫోన్ ఇచ్చాను. ఏడో నిమిషం దగ్గర పెట్టి ఇచ్చాను.

వీడియోలో ఎర్ర లైటు వెలుగుతుంది. వాడి మొహం లైటు వైపే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్పలు కొంచెం బరువుగా, అంతే. లైటు వెలుగుతూనే ఉంది. బొటనవేలు బటన్ మీదే ఉంది, కదలదు. వెనక వంటింట్లో వాళ్లక్క గిన్నె పెట్టిన చప్పుడు వినబడుతుంది. లైటు వెలుగుతూనే ఉంది. అప్పుడు వేలు కదిలింది, ఏమీ జరగనట్టు, అప్పుడే వెలిగిన లైటుని నొక్కినట్టు.

వాడు వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. మూడోసారి ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని తన కళ్లే చూసుకున్నాడు. ఇడ్లీలు చల్లారిపోతున్నాయని లోపలి నుంచి కేక వచ్చింది.

ఫోన్ నా చేతికిస్తూ గొంతు తగ్గించి అన్నాడు, "బావా, ఇది అక్కకి చూపించకు."